చాయిస్‌లో వదిలేసే చాప్టరే ఉద్యోగంలో అక్కరకొస్తుంది

తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ దగ్గర నిలబడ్డవాళ్ల నోట మొదట వచ్చే మాట ‘ఎంతసేపు పడుతుందో!’. కంపార్ట్‌మెంట్లలో, బయటి లైన్లలో కలిపి 28,000 మంది ఉన్నారనీ, గంటకు 3,500 మంది దర్శనం చేసుకుని బయటికి వస్తున్నారనీ అనుకుంటే జవాబుకు ఒక్క భాగహారం చాలు: 8 గంటలు. ఐదో తరగతి పిల్లలు కూడా చేసేస్తారు. అయితే ఈ లెక్క ఎప్పుడు చెల్లుతుంది, ఎప్పుడు చెల్లదు అన్న ప్రశ్న ఐదో తరగతిది కాదు. జనం గుంపులుగా వచ్చినా ఒక్కొక్కరుగా వచ్చినా, ముందొచ్చినవాళ్లను ముందు పంపినా పంపకపోయినా, దీర్ఘకాలపు సగటులు నిలకడగా ఉంటే చాలు, ఈ సంబంధం తప్పదని 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు. క్యూల మీద పనిచేసేవాళ్లు దాన్ని లిటిల్ సూత్రం అంటారు.

సగటు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఒకే కౌంటర్, జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంటారు, ఒక్కొక్కరి పనికి పట్టే సమయమూ హెచ్చుతగ్గులుగానే ఉంటుంది. ఇలాంటి చోట ప్రామాణికంగా వాడే నమూనా ప్రకారం, కౌంటర్ 80 శాతం సమయం పనిలో ఉంటే అక్కడ సగటున నలుగురు ఉంటారు. 90 శాతమైతే తొమ్మిది మంది. 95 శాతమైతే పంతొమ్మిది. ‘కౌంటర్ ఖాళీగా ఉండకూడదు’ అని 90 నుంచి 95కు లాగిన మేనేజరు తనకు తెలియకుండానే క్యూను రెట్టింపు చేస్తాడు. ఆసుపత్రి ఓపీకీ, టికెట్లు బుక్ చేసే సర్వర్‌కూ, శ్రీసిటీలో అసెంబ్లీ లైన్‌కూ ఇదే లెక్క. దీనికి పునాది 1909లో టెలిఫోన్ కాల్స్ మీద డెన్మార్క్ గణితజ్ఞుడు ఎర్లాంగ్ రాసిన పత్రం. లోపల ఉన్న సరుకు రెండే: పాయిజాన్ విభాజనం (ఎప్పుడు పడితే అప్పుడు జరిగేవి ఒక వ్యవధిలో ఎన్ని జరుగుతాయో చెప్పే సంభావ్యత), గుణశ్రేఢి మొత్తం. రెండూ ఎంపీసీ చదివినవాళ్లు విన్నవే.

విన్నవే కానీ చాలామంది నేర్చుకున్నవి కావు. పాయిజాన్ ఉండేది సీనియర్ ఇంటర్‌లో యాదృచ్ఛిక చలరాశుల చాప్టర్‌లో. చాలా ఏళ్లు నడిచిన 75 మార్కుల పేపర్ పద్ధతిలో లాంగ్ ఆన్సర్లు ఏడిచ్చి ఐదు రాయమనేవారు. ఆ రెండు ప్రశ్నల వెసులుబాటుకు సంభావ్యతనో, యాదృచ్ఛిక చలరాశులనో బలి ఇవ్వడం విద్యార్థులకు అలవాటైంది. డిమువర్, ద్విపద సిద్ధాంతం, విస్తరణ కొలతలు పట్టుకుంటే మార్కులు వస్తాయి కదా అన్న లెక్క. మార్కుల మేరకు ఆ లెక్క తప్పు కాదు. అయితే డేటా సైన్స్, బీమా, నాణ్యతా నియంత్రణ, టెలికాం, మందుల పరీక్షలు ఈ అన్నిటికీ తలుపు సరిగ్గా ఆ వదిలేసిన చాప్టరే.

ఎంట్రన్స్ తీరు దీనికి ఇంకో మెలిక పెట్టింది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. అందులో 80 లెక్కలే. సగటున ప్రశ్నకు 67.5 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు. అందుకే ఆప్షన్లను సమీకరణంలో ప్రతిక్షేపించి చూడటం, సున్నా పెట్టి తేల్చడం, కొలతలు సరిపోని ఆప్షన్‌ను కొట్టేయడం లాంటి ఉపాయాలు కోచింగ్‌లో ప్రధాన విద్యలయ్యాయి. ర్యాంకుకు అవి కావాలి, కాదనడానికి లేదు. ఇబ్బంది తర్వాత వస్తుంది. ఉద్యోగంలో ఆప్షన్లు ఉండవు. చాలాసార్లు ప్రశ్న కూడా సరిగా ఉండదు. ‘మధ్యాహ్నం షిఫ్ట్‌లో రిజెక్షన్ ఎక్కువగా ఉంది, చూడండి’ అన్న మాటను చలరాశులుగా, పరికల్పనగా మార్చుకోవడం దగ్గరే సగం పని ఉంటుంది. ఆ సగాన్ని ఇంటర్ చదువు దాదాపు ముట్టుకోదు.

గాదంకి లెక్క

తిరుపతి నుంచి చిత్తూరు వైపు వెళ్తుంటే పాకాల దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్టీ రాడార్ 1,024 యాగీ యాంటెన్నాలతో, 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో ఆకాశంలోకి తరంగాలు పంపి, గాలిలోని అలజడి నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. ఇంటర్ గణితం ఉద్యోగంలో ఎలా ఉంటుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఈ జిల్లాల్లో దొరకడం కష్టం.

కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 5.66 మీటర్లు. 10 కిలోమీటర్ల ఎత్తు నుంచి ప్రతిధ్వని రావడానికి రానూపోనూ కలిపి 66.7 మైక్రోసెకన్లు. ఏ ఎత్తులోని గాలో తేలేది ఆ సమయం నుంచే. గాలి వేగం డాప్లర్ మార్పు నుంచి తేలుతుంది: పుంజం దిశలో సెకనుకు 1 మీటరు కదలికకు పౌనఃపున్యంలో వచ్చే తేడా 0.35 హెర్ట్జ్ మాత్రమే. 5 కోట్ల 30 లక్షల హెర్ట్జ్‌లో ఒక్క హెర్ట్జ్‌కు మూడోవంతు తేడా! దాన్ని పట్టేది, సంకేతాన్ని పౌనఃపున్యాలుగా విడగొట్టే ఫోరియర్ పరివర్తన. సెకనుకు 0.1 మీటరు తేడా కూడా తెలియాలంటే 0.035 హెర్ట్జ్ వేరుపడాలి; అందుకు కనీసం 28 సెకన్లపాటు వినాలి, ఎందుకంటే పౌనఃపున్య సూక్ష్మత వినే సమయానికి విలోమం. ఎక్కువసేపు వింటే సూక్ష్మత పెరుగుతుంది, కానీ ఈలోగా గాలే మారిపోతుంది. ఎంతసేపు వినాలన్నది ఏ సూత్రమూ నేరుగా చెప్పదు. గాలిని బట్టి మనిషి తేల్చుకోవాలి.

ఇక త్రికోణమితి. నేరుగా పైకి పంపిన పుంజానికి నిలువు గాలి మాత్రమే తెలుస్తుంది. అడ్డంగా వీచే గాలి తెలియాలంటే పుంజాన్ని తూర్పుకు 10 డిగ్రీలు, పడమరకు 10 డిగ్రీలు వంచి రెండు కొలతలు తీస్తారు. ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే నిలువు భాగం ఎగిరిపోతుంది. మిగిలినదాన్ని రెండింతల సైన్ 10తో, అంటే 0.347తో భాగిస్తే తూర్పు పడమరల గాలి వస్తుంది. తప్పు జరిగేదీ ఇక్కడే. 0.347తో భాగించడమంటే 2.88తో గుణించడం. తేడాలో 0.1 పొరపాటుంటే జవాబులో 0.29 అవుతుంది. మరి 20 డిగ్రీలు వంచితే? పొరపాటు సగానికి తగ్గుతుంది. కానీ 10 కిలోమీటర్ల ఎత్తులో రెండు పుంజాల మధ్య దూరం 3.5 కిలోమీటర్ల నుంచి 7.3కు పెరుగుతుంది. రెండు చోట్లా ఒకే గాలి వీస్తోందన్న పరికల్పన బలహీనపడుతుంది. ఒక చోట గెలిస్తే ఇంకోచోట ఓడే ఈ బేరం ఇంజినీరింగ్ అంతటా ఉంటుంది.

ఉత్తరం, దక్షిణం, నిట్టనిలువు కూడా కలిపితే మొత్తం ఐదు కొలతలు, తెలియనివి మూడు. అంటే ఐదు సమీకరణాలు, మూడు అవ్యక్తరాశులు. నిజం కొలతల్లో అవి ఐదూ ఒకదానితో ఒకటి పొసగవు. ఇంటర్ మాత్రికల చాప్టర్ ఇక్కడ ‘వ్యవస్థ అసంగతం, సాధన లేదు’ అని రాసి ముగిస్తుంది, ఆ వాక్యానికి మార్కులూ పడతాయి. రాడార్ దగ్గర కూర్చున్నవాళ్లకు పని మొదలయ్యేది అక్కడే: పొసగకపోవడం కనిష్ఠమయ్యే జవాబును కనిష్ఠ వర్గాల పద్ధతితో వెతకాలి. యంత్ర అభ్యసనం (మెషీన్ లెర్నింగ్) అని ఇప్పుడు గొప్పగా చెప్పుకునేదానిలో పెద్ద వాటా ఈ ఒక్క ఆలోచనకే మెరుగులు. రేఖీయ బీజగణితాన్ని మామూలు పేపర్‌గా చూసి పాసై వదిలేసినవాళ్లు తర్వాత డబ్బు కట్టి నేర్చుకునేదీ ఇదే.

2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలోకి వచ్చిన శ్రీహరికోటలోనూ సంగతి ఇంతే. భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకు సుమారు 465 మీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంది, 13.7 డిగ్రీల అక్షాంశంలో దాన్ని కొసైన్‌తో గుణిస్తే దాదాపు 452 మీటర్లు, తూర్పుకు ఎగిరే రాకెట్‌కు ఉచితంగా వచ్చే వేగం. ఇంధనం లెక్క సహజ సంవర్గమానంతో నడుస్తుంది: ఎగ్జాస్ట్ వేగం సెకనుకు 3 కిలోమీటర్లయితే, 9 కిలోమీటర్ల వేగం తెచ్చుకోవడానికి మొదటి బరువు చివరి బరువుకు 20 రెట్లు ఉండాలి. అంటే నూటికి 95 పాళ్లు ఇంధనం. ఖాళీ ట్యాంకులను మధ్యలోనే వదిలించుకునే దశల రాకెట్లు ఈ సంవర్గమానం పోరు పడలేక పుట్టినవే.

ఫ్యాక్టరీలో బేయీ సిద్ధాంతం

శ్రీసిటీలోనో కరకంబాడిలోనో ఒక తనిఖీ యంత్రం పెట్టారనుకుందాం. వస్తువుల్లో 1 శాతం లోపభూయిష్టం. యంత్రం లోపమున్నవాటిలో 95 శాతాన్ని పట్టుకుంటుంది. మంచివాటిలో 5 శాతాన్ని పొరపాటున తిరస్కరిస్తుంది. ‘95 శాతం కచ్చితమైన యంత్రం’ అని అమ్మినవాళ్లు చెబుతారు. 10,000 వస్తువుల్లో లోపమున్నవి 100, వాటిలో దొరికేవి 95. మంచివి 9,900, వాటిలో తిరస్కారానికి గురయ్యేవి 495. తిరస్కరించిన బుట్టలో ఉన్నవి మొత్తం 590. అందులో నిజంగా చెడ్డవి 95, అంటే 16 శాతం. మిగతా 84 శాతం మంచి సరుకే. ఈ లెక్క వేయకుండా తిరస్కరించినదంతా తుక్కులో పడేస్తే ఫ్యాక్టరీ నష్టం ఎక్కడ మొదలైందో తెలియక యంత్రాన్నో, సరుకునో, కార్మికులనో తిట్టుకుంటుంది. పైన వేసినది బేయీ సిద్ధాంతం లెక్కే. ఇంటర్‌లో అది రెండు సంచులు, ఎర్ర బంతులు, తెల్ల బంతులుగా వస్తుంది. బంతులను మాత్రమే గుర్తుపెట్టుకున్నవాళ్లు ఫ్యాక్టరీలో దాన్ని గుర్తుపట్టరు.

దారులు, వాటి ఖర్చు

బీటెక్ దారి అందరికీ తెలిసిందే కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒక్క మాట: మొదటి రెండేళ్ల గణితం పేపర్లను ‘అడ్డు తొలగితే చాలు’ అన్నట్టు దాటేసినవాళ్లకు మూడో ఏడాదిలో సిగ్నల్ ప్రాసెసింగ్, కంట్రోల్ సిస్టమ్స్, యంత్ర అభ్యసనం అన్నీ ఒకేసారి బరువవుతాయి.

తిరుపతి ఐసర్‌లో (కేంద్రం నడిపే విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ) ఐదేళ్ల బీఎస్ ఎంఎస్‌కు వేరే పరీక్ష ఉంటుంది. భౌతిక, రసాయన, గణిత, జీవశాస్త్రాల నుంచి పదిహేనేసి చొప్పున 60 ప్రశ్నలు, 240 మార్కులు. తప్పుకు ఒక మార్కు కోత. జీవశాస్త్రం చూసి ఎంపీసీ పిల్లలు దరఖాస్తే చేయరు. అది తొందరపాటు. ఆ పదిహేనూ ముట్టుకోకపోయినా మిగతా 45 ప్రశ్నలకు 180 మార్కులున్నాయి. తెలియని జీవశాస్త్రంలో ఊహించి గీస్తేనే నష్టం.

బీఎస్సీ గణితాన్ని ‘సీటు రానివాళ్ల చదువు’ అనే మాట ఈ ప్రాంతంలో ఇంకా వినిపిస్తుంది. ఆ మాట సగం మాత్రమే నిజం, మిగతా సగం విద్యార్థి ఆ మూడేళ్లూ ఏం చేశాడన్నదాని మీద ఉంటుంది. 2023-24 నుంచి రాష్ట్రంలో డిగ్రీలు ఒకే మేజర్ పద్ధతికి మారాయి. పక్కన ఒక మైనర్ ఉంటుంది. గణితం మేజర్‌గా తీసుకున్నవాళ్లకు ఆ మైనర్ ఎంపికే కీలకం. స్టాటిస్టిక్స్ లేదా కంప్యూటర్ సైన్స్ అయితే తలుపులు ఎక్కువ. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదంటే స్టాటిస్టిక్స్‌లో పీజీ ఉండాలన్న నిబంధన ఉంది. ఈ సంగతి మూడో ఏడాదిలో తెలిస్తే మిగిలేది పీజీ దారే.

డిగ్రీ తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. బీఎస్సీ గణితం వాళ్లకు ప్రత్యేక పేపర్ ఉంది: లెక్కలకు 100, విశ్లేషణ సామర్థ్యానికి 50, ఇంగ్లిష్‌కు 50. అయితే మూడేళ్లు ప్లస్ మూడేళ్లు, ఆరేళ్లవుతుంది. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్లే కాబట్టి ఆ దారిలో ఐదేళ్లకే సాఫ్ట్‌వేర్‌కు చేరుకోవచ్చు. సివిల్, ఎలక్ట్రికల్ లాంటి బ్రాంచి కచ్చితంగా కావాలనుకుంటే తప్ప ఈసెట్ దారి లాభసాటి కాదు.

గట్టి దారి జామ్. ఐఐటీల్లో ఎంఎస్సీకి రాసే పరీక్ష ఇదే. ఏర్పేడు దగ్గరి ఐఐటీ తిరుపతిలో గణితం ఎంఎస్సీకి కూడా ఇదే ద్వారం. 60 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. డిగ్రీలో 90 శాతం తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ బోల్తా పడటానికి కారణం రెండో భాగం. అందులో ఒక ప్రశ్నకు సరైన ఆప్షన్ ఒకటే ఉండొచ్చు, అంతకు మించీ ఉండొచ్చు. అన్నీ పట్టుకోవాలి, ఒక్కటి వదిలినా సున్నా. డిగ్రీ పరీక్ష ‘సిద్ధాంతాన్ని నిర్వచించి నిరూపించుము’ అంటుంది. జామ్ ఆ సిద్ధాంతంలో ఒక షరతు తీసేసి ‘ఇప్పుడు?’ అంటుంది. జవాబుకు ప్రత్యుదాహరణ కావాలి. అభిసరించే ప్రతి అనుక్రమమూ పరిబద్ధమే; పరిబద్ధమైనదల్లా అభిసరించదు, ఒకటి, మైనస్ ఒకటి, ఒకటి, మైనస్ ఒకటి అంటూ ఊగేదే సాక్ష్యం. ఇలాంటివి విడిగా ఒక నోట్‌బుక్కులో, సిద్ధాంతానికి ఒకటి చొప్పున రాసుకుంటూ పోవడం గైడ్లు కొనడం కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు వాస్తవ విశ్లేషణ (రియల్ ఎనాలిసిస్) దగ్గర తడబడితే నెపం ఇంగ్లిష్ మీదికి నెట్టేస్తారు. పారిభాషిక పదాలు రెండు నెలల్లో అలవాటవుతాయి. అసలు చిక్కు వాక్యంలోని మాటల వరసలో ఉంది. ‘ప్రతి ఊరికీ ఒక గ్రామదేవత ఉంది’, ‘ఒకే గ్రామదేవత అన్ని ఊళ్లకూ ఉంది’ అన్న రెండు వాక్యాలూ ఒకటి కావని గంగమ్మ జాతర చేసే ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్రతి బిందువుకూ దాని డెల్టా (కోరిన కచ్చితత్వానికి బిందువుకు ఎంత దగ్గరగా ఉండాలో చెప్పే దూరం) దానికుంటే అది అవిచ్ఛిన్నత. అన్ని బిందువులకూ ఒకే డెల్టా సరిపోతే అది ఏకరూప అవిచ్ఛిన్నత. ఏడాదంతా బట్టీ పట్టినా ఎక్కని తేడా ఇలా చెబితే ఒక్క పూటలో ఎక్కుతుంది.

లెక్క వచ్చు, యంత్రానికి చెప్పడం రాదు

గణితం చదివినవాళ్లకు కోడింగ్ తేలికేనన్న ధీమా ఉంటుంది. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే వచ్చేది 0.3 కాదు, 0.30000000000000004. పదోవంతు ద్విసంఖ్యామానంలో అంతులేని భిన్నం; యంత్రం ఎక్కడో ఒకచోట కోస్తుంది. 1991లో గల్ఫ్ యుద్ధంలో సౌదీలోని దహ్రాన్ దగ్గర అమెరికా పేట్రియట్ క్షిపణి వ్యవస్థ దూసుకొస్తున్న స్కడ్ క్షిపణిని ఈ కోత వల్లే పసిగట్టలేక అడ్డుకోలేకపోయింది. గడియారం పదోవంతు సెకన్లను 24 బిట్లలో లెక్కపెడుతూ 100 గంటలు ఆగకుండా నడిచాక పొరపాటు పోగై సెకనులో మూడోవంతుకు చేరింది. 28 మంది సైనికులు చనిపోయారు. డిగ్రీలో సంఖ్యాత్మక పద్ధతుల పేపర్‌ను కాల్‌క్యులేటర్ పేపర్ అని చులకన చేసేవాళ్లు, పోగయ్యే పొరపాటు అనే అంశం అందులో తప్ప ఇంకెక్కడా లేదని గమనించాలి.

రెజ్యూమెలో రాసుకోవడానికి ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ కంటే సొంతంగా చేసిన ఒక ప్రాజెక్టు మేలు. దానికి కావలసిన డేటా తిరుపతిలో రోజూ పేపర్లోనే వస్తుంది: నిన్న ఎంతమంది దర్శనం చేసుకున్నారు, ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఎన్ని గంటలు. రెండేళ్ల అంకెలు ఒక షీట్‌లో ఎక్కించి రేపటి సంఖ్యను అంచనా వేయడం పని. ముందుగా ‘పోయిన వారం ఇదే రోజు ఎంతో, ఈ వారమూ అంతే’ అన్న మొద్దు అంచనా తప్పెంతో కొలవాలి. తర్వాత కట్టే ఏ మోడలైనా దాన్ని ఓడించకపోతే పనికిరానట్టే. డేటాను కలగాపులగం చేసి పరీక్షకు విడదీస్తే రేపటి సమాచారం ఇవాళ్టి అంచనాలోకి జారి, ఫలితం అబద్ధంగా బాగుంటుంది. పాత నెలలతో నేర్పి కొత్త నెలలతో పరీక్షించాలి.

ఆంగ్ల తేదీలతో ఏడాదికేడాది పోల్చినా దెబ్బతింటారు. సాలకట్ల బ్రహ్మోత్సవాలు 2023లో సెప్టెంబరు 18న, 2024లో అక్టోబరు 4న, 2025లో సెప్టెంబరు 24న మొదలయ్యాయి. పైగా 2023లో అధికమాసం రావడంతో అక్టోబరులో నవరాత్రి బ్రహ్మోత్సవాలు కూడా జరిగాయి. పంచాంగం ఒక ప్రత్యేక కాలమ్‌గా డేటాలో ఉండాల్సిందే.

ఇవన్నీ సరిచేశాక కూడా మోడల్ రద్దీ రోజుల్లో ఎందుకో తక్కువగానే చెబుతుంది. ఇంటర్వ్యూలో అనుభవమున్నవాళ్లు మొదట అడిగేది కూడా దాని గురించే. గుడి రోజుకు ఇంతమందికే దర్శనం ఇవ్వగలదు. ఆ హద్దు తాకిన రోజున దర్శనం చేసుకున్నవాళ్ల సంఖ్య వచ్చినవాళ్ల సంఖ్య కాదు. మిగిలినవాళ్లు పక్క అంకెలో, సర్వదర్శనం గంటల్లో దాగి ఉంటారు. ఆ గంటలను గంటకు బయటికి వచ్చేవాళ్ల సంఖ్యతో గుణిస్తే వాళ్లెంతమందో బయటపడుతుంది.